ఉద్దానం ఎలుగుబంట్ల గురించి ఫారెస్ట్ ఆఫీసర్ గారికి

సార్ నమస్కారం, మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర పల్లెటూరు, మార్చి వచ్చిందంటే మాకు జీడిపిక్కల సీజన్, తెల్లారకముందే ఆడవాళ్లు తోటల్లోకి పోవాలి, అదే టైముకి జీడిపళ్ల వాసనకి ఎలుగులూ దిగుతాయి. మొన్న మా అమ్మకి పదడుగుల దూరంలో పొదలోంచి ఒక ఎలుగు లేచి నిలబడిందంట, బుట్ట జారిపోయినా అమ్మ కదలకుండా ఉండిపోయింది, అది గుర్రుమని పక్కకి పోయింది కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ అమ్మ చేతులు వణుకుతున్నాయి. ఎలుగుకి చూపు తక్కువ సార్, దగ్గరికొచ్చాకే మనిషిని చూసి బెదిరి మొహమ్మీద పడుద్ది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు మీదపడి ఒకరు చనిపోయిన సంగతి మీకూ తెలుసు. వాటిని చంపమనట్లేదు, అవీ బతకాలి. మత్తు ఇచ్చే టీమ్‌ని పలాసలోనే ఉంచండి, తోటల దారిలో సోలార్ లైట్లు వేయించండి, ఎండాకాలం కొండమీద నీళ్లతొట్లు నింపించండి. ఇంకొన్నాళ్లలో పనసపళ్లు కూడా ముగ్గుతాయి సార్, ఆ లోపే.