మా పాఠం బదులు ఫ్యాన్ మోత రికార్డవుతోంది

అనంతపురం,
నవంబర్ 18

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: తరగతి గదుల్లో బిగించిన రికార్డింగ్ సిస్టంలో మాట వినపడకపోవడం

అయ్యా,

మా డిగ్రీ కాలేజీలో రెండు గదులకు ఆగస్టులో మీవాళ్లు కెమెరాలు బిగించి వెళ్లారు. బొమ్మ బాగుంది, కాదనను. వెనక గోడ నుంచి కూడా బోర్డు మీద నేను వేసే ప్రతి గుర్తూ కనిపిస్తోంది. నేనేం చెప్తున్నానో మాత్రం తెలియదు.

మైకు కెమెరాలోనే ఉంది. ఆ కెమెరా నాకు 8 మీటర్ల దూరం, ఫ్యాన్‌కు మీటరున్నర. ఇక అది ఎవరి మాట వింటుంది? ఫిజిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి లెక్క కూడా రాస్తున్నాను. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాలర్ మైకు నోటికి 20 సెంటీమీటర్లలో ఉంటుంది. అక్కడి నుంచి 8 మీటర్లకు పోతే 32 డెసిబెల్స్ పోయినట్టే. పైగా గోడల ప్రతిధ్వని. అలా పాడైన పాఠాల్లో ఒకటి ధ్వని తరంగాల పాఠమే. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు.

మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుందన్నారు. మూడోసారి, "రికార్డింగప్పుడు ఫ్యాన్లు ఆపేయండి సార్" అన్నారు. అనంతపురంలో, అరవై మంది కూర్చున్న గదిలో! ఆ సలహా ఇచ్చినాయన ఒకసారి మా ఊరొచ్చి పోవాలి.

కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు పల్లెల పిల్లలు చెనక్కాయలు పీకే రోజుల్లో ఇంటిపట్టునే ఉండిపోతారు. పోయిన క్లాసులు రాత్రిపూట ఫోన్లో చూసుకుంటారనే ఈ ఖర్చు పెట్టాం. ఈ అక్టోబర్‌లో ఒకమ్మాయి తన ఇయర్‌ఫోన్లే పాడయ్యాయనుకుని కొత్తవి కొనుక్కుంది.

ఫైల్ సైజు ఇంకో తలనొప్పి. 50 నిమిషాల పాఠం దాదాపు 1.9 జీబీ వస్తోంది. రోజుకు 1.5 జీబీ రీఛార్జ్ వేసుకునే పిల్లవాడికి ఒక్క పాఠం కూడా పూర్తి కాదు. చాక్‌పీసు, బోర్డు చూపడానికి సెకనుకు 5 మెగాబిట్ల (ఎంబీపీఎస్) డేటా ఎందుకు? 1 ఎంబీపీఎస్ పెడితే 375 ఎంబీతో అయిపోతుంది. ఆ సెట్టింగేమో మీ దగ్గరే లాక్ చేసి పెట్టుకున్నారు.

కొటేషన్‌లో "స్పష్టమైన ఆడియో" అని రాసిచ్చింది మీరే. కాబట్టి రెండు గదులకూ కాలర్ మైకులు పైసా అదనంగా అడగకుండా ఇవ్వండి, ఆ లాక్ తీయండి. ఆడియో ఒక్కటే దించుకునే వీలు కూడా పెట్టండి, దానికి 25 ఎంబీ చాలు. ఇదంతా నెలాఖరులోగా కావాలి. అంతవరకు మిగిలిన 30 శాతం బిల్లు కట్టొద్దని ప్రిన్సిపాల్ గారు ఆఫీసులో చెప్పేశారు. మీవల్ల కాదంటే సామాను విప్పుకుపోయి, కట్టిన డబ్బు వాపసు ఇవ్వండి.

మీ మనిషి వచ్చే ముందురోజు ఫోన్ చేయించండి. క్లాసు నడుస్తుండగా, ఫ్యాన్లు తిరుగుతుండగానే రికార్డ్ చేసి వినిపించాలి. అది విన్నాకే సర్వీస్ రిపోర్టు మీద సంతకం పెడతాను.

ఇట్లు,
ఫిజిక్స్ అధ్యాపకుడు