మన సంఘం వార్షిక నివేదిక 2024–25: ‘మనోళ్లు’ ఎవరో తేల్చుకోవడానికే సరిపోయిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

నిరుడు నేను చదివిన నివేదిక రెండు పేజీలే ఉందని, అందులో టీ బిల్లు తప్ప ఏమీ లేదని పెద్దలు కొందరు చురక వేశారు. ఈసారి నాలుగు మాటలు ఎక్కువే రాశాను. టీ బిల్లు చివర్లో ఉంది.

ఇన్నాళ్లూ నెలకో పాత సినిమా వేసుకుని చూసి ఇళ్లకు పోయేవాళ్లం. ఈ ఏడు అది చాలదనుకున్నాం. మన జిల్లాలో పుట్టి తెరకెక్కిన నటుల బతుకుల గురించి, వాళ్లు ఎట్లా ఎదిగారో, చివరికి ఏం మిగిలిందో మాట్లాడుకుందామని కార్యవర్గం తీర్మానం చేసింది. రాసేటప్పుడు అది ఒక్క వాక్యమే. కానీ ‘మన జిల్లా’ అంటే ఏది అన్నచోటే గంటన్నర గడిచింది. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు ముక్కలైంది కదా. కత్తి కాంతారావు పుట్టిన గుడిబండ, డాక్టర్ ప్రభాకర్ రెడ్డి ఊరు తుంగతుర్తి, వేణుమాధవ్ ఊరు కోదాడ, మూడూ సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. ‘‘మరి మనకు ఎవరు మిగిలిన్రు?’’ అని వెనక బెంచీ నుంచి ఒకాయన అడిగితే కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. ఆఖరికి మన బోర్డు మీద ‘ఉమ్మడి నల్లగొండ’ అని రాయించాలని తేల్చాం. ఆ ఒక్క మాటకు పెయింటరు వేరే డబ్బులు అడిగాడు, ఇచ్చాం.

నిజానికి మిగిలినవారు ఒకరున్నారు, కాకపోతే నటుడు కాదు. మిర్యాలగూడకు చెందిన దాసి సుదర్శన్ గారు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చిత్రానికి దుస్తులు రూపొందించి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది. 2024లో ఆయన కన్నుమూశారు. అందుకే మన ఏడాది సంతాప సభతో మొదలైంది. పద్నాలుగు మందే వచ్చారు. ఎండలు ముదిరాయని సర్దిచెప్పుకున్నాం. జాతీయ అవార్డు తెచ్చిన మనిషి పక్క పట్టణంలో ఉంటే, ఉన్నన్నాళ్లూ ఒక్కసారైనా పిలిచి శాలువా కప్పలేకపోయాం. దానికి ఎండలు కారణం కాదు. ఈ మాట మినిట్స్ బుక్కులో రాయించాను.

కాంతారావు గారి మీద ఒక్క సమావేశం అనుకున్నది మూడైంది. అసలు పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు, పుట్టింది 1923 నవంబరు 16న. మద్రాసు వెళ్లి హెచ్.ఎం. రెడ్డి ‘నిర్దోషి’ (1951)లో చిన్న వేషంతో మొదలుపెట్టి, ఆయన సంస్థలోనే ‘ప్రతిజ్ఞ’ (1953)తో కథానాయకుడయ్యారు. అదే సినిమాతో రాజనాల కూడా తెరకెక్కారు. ఇద్దరూ ఒకే సినిమాతో హీరో, విలన్ అయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కత్తులు దూసుకుంటూనే ఉన్నారన్నమాట. కాంతారావు నాలుగు వందలకు పైగా సినిమాల్లో నటించారు. జానపదాల్లో రాకుమారుడు, పౌరాణికాల్లో నారదుడు. 1963 ఒక్క ఏడాదిలోనే ‘లవకుశ’లో లక్ష్మణుడిగా, ‘నర్తనశాల’లో కృష్ణుడిగా కనిపించారు. ఆ రెండు సినిమాల్లోనూ ముందు గుర్తొచ్చేది ఎన్టీఆరే. కానీ కృష్ణుడంటే ఎన్టీఆరే అని జనం మనసులో పడిపోయిన కాలంలో, ఎన్టీఆర్ పక్కన నిలబడి కృష్ణుడి వేషంతో మెప్పించడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. సభలో అందరూ ఒప్పుకోలేదు.

రెండో సమావేశంలో మన పాత ఆపరేటర్ సార్ మాట్లాడారు. టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ తిప్పిన మనిషి. పాత పేపర్లో చుట్టి మూడు కార్బన్ కడ్డీలు తెచ్చారు. పెన్సిలంత లావు, పైన రాగి పూత, కాలిన కొన నల్లగా సుద్దముక్కలా ఉంది. రెండు కడ్డీల కొనలు దగ్గరకు తెస్తే మధ్యలో పుట్టే మంటే తెర మీద వెలుగు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. ఆ పదకొండు నిమిషాలూ కడ్డీలు అరుగుతుంటే మధ్యలో ఎడం పెరగకుండా చేత్తో మర తిప్పుతూ కూర్చోవాలి. ‘‘కాంతారావు, రాజనాల కత్తి ఫైటింగ్ అయితాంటే నేను సుత తెర దిక్కు చూస్తుంటి. చెయ్యి ఆగేది. తెర పసుప్పచ్చగై మసకబారేది. అప్పుడు జనం రాజనాలను తిట్టుడు బంద్ చేసి నన్ను తిట్టేటోళ్లు’’ అన్నారు. నివేదిక రాస్తూ కూడా నవ్వొస్తోంది.

ఆ ఊపులో మన కోశాధికారి గారు గొడుగు తీసి కత్తి తిప్పి చూపించబోయారు. ట్యూబులైటు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొత్తది కొనిచ్చాం, ఖర్చుల్లో ఉంది.

మూడోది గుడిబండ ప్రయాణం. వ్యాను మాట్లాడుకుని పదకొండు మందిమి నకిరేకల్ దగ్గర హైవే ఎక్కి, సూర్యాపేటలో టిఫిన్ చేసి, కోదాడ మీదుగా పోయాం. ఊళ్లో ఏదో గొప్పగా చూస్తామని ఆశపడినవాళ్లు కాస్త నిరాశపడ్డారు. మామూలు పల్లె, పొలాలు, చెట్టు కింద నలుగురు ముసలివాళ్లు. వాళ్లలో ఒకాయనను ‘‘తాతా, కాంతారావును చూసినవా?’’ అని అడిగితే, ‘‘ఆయన్ను చూడలే బిడ్డా. ఆయన సిన్మా చూసెతందుకు కోదాడకు నడిచిపోయినం. మా ఊరోడే అని గేటుకాడ చెప్తే గేటాయన నవ్విండు, టికెట్ మాత్రం తీసుకొమ్మన్నడు’’ అన్నాడు. ఆ ఒక్క మాటకు వ్యాను కిరాయి గిట్టిందని నాకనిపించింది.

తిరుగు ప్రయాణంలో అసలు చర్చ జరిగింది. కాంతారావు గారు సంపాదించినదంతా సినిమాలు తీసి పోగొట్టుకున్నారు. ‘సప్తస్వరాలు’, ‘గుండెలు తీసిన మొనగాడు’ వంటివి ఆయన సొంత నిర్మాణాలే. రంగుల సాంఘికాల ముందు జానపదాల జోరు తగ్గింది. రాకుమారుడి వేషాలు పోయి తండ్రి వేషాలు, చిన్న వేషాలు, టీవీ సీరియళ్లు మిగిలాయి. రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది గానీ ఇబ్బందులు తీరలేదు. 2009 మార్చి 22న హైదరాబాదులో చనిపోయారు. నటుడు నటుడిగా ఉండక నిర్మాత ఎందుకు కావాలని వ్యానులో ఒకరు గట్టిగానే అన్నారు. ఒకసారి దెబ్బ తిన్నాక మళ్లీ ఎందుకు దిగాలి అని ఇంకొకరు. ముందు సీట్లో కూర్చున్న మన బత్తాయి రైతు సభ్యుడు అప్పటిదాకా మాట్లాడలేదు. ‘‘నేను ఒక్క తోట కింద ఏడు బోర్లు ఏసిన. ఆరు ఎండినయి. ఏడోది ఎందుకేసినవని నా భార్య ఇప్పటికీ అడుగుతది. నేనేం చెప్పాల? కాంతారావును నేనైతే ఒక్క మాట అనను’’ అన్నాడు. చిట్యాల దాకా ఎవరూ ఏం మాట్లాడలేదు. డ్రైవర్ నకిరేకల్ దగ్గర మలుపు మరిచిపోయాడన్న సంగతి కూడా అక్కడే తెలిసింది.

తుంగతుర్తి డాక్టర్ ఎం. ప్రభాకర్ రెడ్డి గారి సమావేశం, వక్త ఆఖరి బస్సు అందుకోవాల్సి రావడంతో, నలభై నిమిషాల్లో ముగిసింది. ఆయనకు ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది. ఉస్మానియాలో వైద్యం చదివి, స్టెతస్కోపు పక్కన పెట్టి ‘చివరకు మిగిలేది’ (1960)తో తెరకెక్కిన మనిషి. తెర మీద ఆయన్ను చూస్తే పిల్లలు భయపడేవాళ్లు. ఆ గొంతు, ఆ కళ్లు అట్లాంటివి. ‘పండంటి కాపురం’ (1972) కథ ఆయనదేనని మాలో సగం మందికి ఆ రోజే తెలిసింది. విలన్ వేషాలు కట్టేవాడు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కథ రాశాడంటే మా ఆవిడ నమ్మలేదు. హైదరాబాదు శివారు మణికొండ వైపు సినీ కార్మికుల ఇళ్ల కోసం తన భూమి ఇచ్చారు. ఇవాళ అక్కడున్న చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు కాపురముండే చోటది. 1997లో ఆయన పోయారు. ఆ చుట్టుపక్కల ఇవాళ గజం ధర ఎంతో తెలిసిన సభ్యుడొకరు లెక్క కట్టి చెబుతానన్నారు. వద్దన్నాం.

ఇక అందరూ ఎదురుచూస్తున్న ఫ్లెక్సీ సంగతి. తప్పు పూర్తిగా నాదే. కుర్రకారును సంఘంలోకి రప్పించాలన్న ఆత్రంలో విజయ్ దేవరకొండ మీద ఒక సమావేశం పెట్టి, ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కొట్టించాను. ‘మన దేవరకొండ ముద్దుబిడ్డ’ అని పెద్ద అక్షరాలతో. కుర్రవాళ్లు నిజంగానే వచ్చారు, కుర్చీలు చాలలేదు. నేను మైకు పట్టుకుని దేవరకొండ కోట దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అచ్చంపేట నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి లేచి, ‘‘సార్, ఏమనుకోకండ్రి. కోట మీదే, కాదనను. కానీ గాయన మా దిక్కు. బల్మూరు మండలం తుమ్మన్‌పేట వాళ్ల ఊరు. దేవరకొండ ఇంటిపేరు సార్, ఊరు పేరు కాదు’’ అన్నాడు. హాలంతా ఈలలు. అంటే నాగర్‌కర్నూల్ జిల్లా, ఉమ్మడి పాలమూరు. పుట్టింది హైదరాబాదులో, చదివింది కొంతకాలం పుట్టపర్తిలో. ‘పెళ్లి చూపులు’ (2016), ‘అర్జున్ రెడ్డి’ (2017)తో పేరొచ్చే ముందు, 2011లో ‘నువ్విలా’ నుంచి చిన్న వేషాలతో నెట్టుకొచ్చాడు. ఆ అయిదేళ్ల గురించి ఆ అబ్బాయే నాకన్నా బాగా చెప్పాడు. మైకు ఇచ్చేశాను. అతణ్ని ఈ ఏడాది నుంచి సంయుక్త కార్యదర్శిగా తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. ఫ్లెక్సీ మా ఇంటి వెనక వడ్ల కుప్ప మీద ఉంది. బొమ్మ మాసిపోకుండా లోపలి వైపుకే కప్పాను.

మహిళా సభ్యులు నడిపిన సమావేశం ఏడాది మొత్తంలో బాగా జరిగిందని మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. రిటైర్డ్ టీచరమ్మ ఒకరు ‘మా భూమి’, ‘దాసి’ పక్కపక్కన పెట్టి మాట్లాడారు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం కథ, మన జిల్లా మట్టి వాసన ఉన్న కథ. అందులో రామయ్యగా వేసిన సాయిచంద్ రచయిత త్రిపురనేని గోపీచంద్ కుమారుడు. 37 ఏళ్ల తర్వాత ‘ఫిదా’లో ఆడపిల్లల తండ్రిగా ఆయన్ను చూసి చాలామంది కొత్త నటుడనుకున్నారట. ‘దాసి’లో గడీ దాసిగా నటించిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. అంతకు ముందు ఏడాదే తమిళ ‘వీడు’కూ ఆమెకే. ‘‘అర్చన ఆ సినిమాలో ఎక్కువ మాట్లాడదు. చీపురు పట్టుకున్న తీరు చూడండి చాలు’’ అని టీచరమ్మ ఒక సీను మూడుసార్లు వేయించారు. మూడోసారికి హాల్లో ఫోన్లు లోపలికి పోయాయి.

‘మా భూమి’తోనే తెరకొచ్చిన తెలంగాణ శకుంతల గారి ప్రస్తావన వచ్చినప్పుడు, ఆమె పుట్టింది మహారాష్ట్రలో అని టీచరమ్మ చెప్పారు. ఊరి పేరు ఇంటిపేరైన ఆయన ఆ ఊరివాడు కాదు, ప్రాంతం పేరు ఇంటిపేరైన ఈమె ఆ ప్రాంతంలో పుట్టలేదు. అయినా మన యాసను తెర మీద అంత దర్జాగా పలికినవాళ్లు తక్కువ. తెలంగాణ ఏర్పడిన పన్నెండు రోజులకు, 2014 జూన్ 14న, ఆమె చనిపోయారు. మన ‘ఉమ్మడి’ బోర్డు కింద ఆమె ఫొటో పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

వేణుమాధవ్ పేరు మీద పిల్లలకు మిమిక్రీ పోటీ పెట్టాం. కోదాడలో మిమిక్రీతో మొదలై ‘సంప్రదాయం’ (1996) నుంచి వందల సినిమాల్లో నవ్వించి, 2019 సెప్టెంబరు 25న తొందరగా వెళ్లిపోయారు. మొదటి బహుమతి ఆర్టీసీ కండక్టర్ గొంతు పెట్టిన ఆరో తరగతి పాపకు ఇచ్చాం.

ఎన్టీఆర్ మీద పెట్టిన సమావేశం మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. 1985లో ఆయన గుడివాడ, హిందూపురంతో పాటు మన నల్లగొండలోనూ గెలిచి, హిందూపురం ఉంచుకుని మిగతావి వదులుకున్నారు. 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు. ఈ రెండు ముక్కలు చెప్పగానే ఎందుకు వదులుకున్నాడు, ఎందుకు ఓడిపోయాడు అని రెండు గుంపులయ్యాయి. సంఘంలో రాజకీయం మాట్లాడకూడదన్న నియమం నంబరు 4 మరోసారి గుర్తుచేస్తున్నాను.

లెక్కలు. నిరుటి నిల్వ రూ. 6,210. చందాలు 61 మందిలో 43 మంది కట్టారు, తలా రూ. 300 చొప్పున రూ. 12,900. విరాళాలు రూ. 2,500. మొత్తం రూ. 21,610. ఖర్చుల్లో ప్రొజెక్టర్ అద్దె రూ. 4,800, గుడిబండ వ్యాను రూ. 5,500, ఫ్లెక్సీ రూ. 900, బోర్డు రాత రూ. 650, పిల్లల బహుమతులు రూ. 1,500, ట్యూబులైటు రూ. 180, టీ బిస్కెట్లు రూ. 4,320. మొత్తం రూ. 17,850. చేతిలో ఉన్నది రూ. 3,760. ఫ్లెక్సీ డబ్బు నేను కట్టేస్తానన్నాను. కోశాధికారి గారు ట్యూబులైటుది తానూ కట్టాల్సి వస్తుందని ఒప్పుకోలేదు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఆపరేటర్ సార్ వంటి పెద్దల మాటలు ఫోన్లో రికార్డు చేసి పెట్టాలి, దీనికి ఇద్దరు కుర్రవాళ్లు కావాలి. రెండోది, కరీంనగర్‌లో పుట్టి మూకీల కాలం నుంచే బొంబాయిలో హీరోగా వెలిగి, 1980 దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న పైడి జైరాజ్ గారి మీద సమావేశం. ఉమ్మడి నల్లగొండ కాదు కదా అనే అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వగలరు.

చందా కట్టని 18 మంది ఈ నెలాఖరులోగా కట్టాలి. ఆపరేటర్ సార్ తెచ్చిన మూడు కార్బన్ కడ్డీల్లో ఒకటి ఆ రోజు నుంచి కనపడడం లేదు. పిల్లలెవరైనా పెన్సిలనుకుని పట్టుకుపోయి ఉంటే, దయచేసి తెచ్చి నాకివ్వండి.