సీడ్ బిల్లు మీద రకం పేరు రాయించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

విజయవాడ దగ్గర కంకిపాడు వైపు నాలుగెకరాల చెరువు లీజుకి తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు వేస్తున్నాను. మొన్న పట్టుబడి రోజు వల లాగితే ఒక శీలావతి కేజీన్నర ఉంది, దాని పక్కనే పడ్డది అరకేజీ కూడా లేదు, రెండూ ఒకే రోజు వేసినవే, ఒకే తవుడు తిన్నవే. చిన్నదాన్ని చేత్తో పట్టుకుంటే తల పెద్దది, ఒళ్లంతా బక్కచిక్కి ఉంది. అలాంటివన్నీ పక్కన పోసి సగం రేటు కట్టారు.

మేత దగ్గర పోటీ ఉంటది, ఆక్సిజన్ తగ్గితే ఎదుగుదల ఆగుద్ది, అది మాకూ తెలుసు. కానీ సీడ్, అంటే మేం కొని చెరువులో వేసే చేపపిల్ల, దాని సంగతి ఎవరూ మాట్లాడరేంటండీ? తల్లి శీలావతి ఒక్కటే లక్షల గుడ్లు పెడతది, కాబట్టి గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే హ్యాచరీకి కొద్ది జతలుంటే సీజన్ గడిచిపోద్ది, వాటి పిల్లల్నే పెంచి మళ్లీ తల్లుల్ని చేస్తే అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేసినట్టే కదా. అందులోనూ బాగా ఎదిగినవి మార్కెట్‌కి పోయి మిగిలినవి బ్రూడర్లు, అంటే గుడ్లకి వాడే తల్లి చేపలయితే తరం తరానికీ ఎదుగుదల పడిపోతూనే ఉంటది.

భువనేశ్వర్‌లో చేపల పరిశోధన చేసే కేంద్ర సంస్థ సిఫా వాళ్లు నార్వే వాళ్లతో కలిసి 1992లో మొదలుపెట్టి గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల్లోంచి వేరువేరు శీలావతిని తెచ్చి, ఏ చేప ఏ కుటుంబానిదో లెక్క రాసుకుంటూ బాగా ఎదిగినవాటినే ఏరి, 1997లో జయంతి అనే రకంగా వదిలారు. ఒక్కో తరానికి సగటున 17 శాతం దాకా ఎదుగుదల పెరిగింది. నదుల చేపల్లో తేడా ఉంది కాబట్టే ఏరుకోడానికి వీలైంది, అంతా ఒకే రక్తమైతే ఇంక ఏం ఏరతారు? వాళ్ల సెంటర్ మన పెనమలూరులోనే ఉంది.

నాకూ జయంతి అనే చెప్పి అమ్మారండి, బిల్లు మీద మాత్రం రోహు సీడ్ (రోహు అంటే శీలావతే) అని ఉంది అంతే. తల్లి చేపల్ని ఎప్పుడు మార్చారని అడిగితే "కావాలంటే తీస్కో, లేపోతే లేదు" అన్నారు. పైగా మేం కొనేది స్పాన్, అంటే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల కాదు, నర్సరీ చెరువులో ఏడాది ఇరుగ్గా పెట్టి ఎదగనీకుండా ఆపిన పిల్ల, అది ఏ హ్యాచరీదో నర్సరీ ఆయనకే గుర్తుండదు.

మత్స్యశాఖ వాళ్లకి నా మనవి ఒక్కటే, రకం పేరు, హ్యాచరీ పేరు, తల్లుల్ని ఏ సంవత్సరం తెచ్చారో బిల్లు మీద రాయించండి, నర్సరీ నుంచి చెరువు దాకా ఆ కాగితం సీడ్‌తో పాటే రావాలి. వానలు పడగానే మళ్లీ పిల్ల వేయాలి, ఈలోపు ఏదో ఒకటి చెయ్యండి సార్.

– ఒక చేపల రైతు, విజయవాడ