అన్ని చక్రాలకూ ఒకే గాలా?

సంపాదకులకు,

సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్, జయపురం వచ్చే కార్లు దారిలో గాలి కొట్టించుకోవడానికి ఆగుతాయి. అబ్బాయి "కేతే దేబి?" (ఎంత పెట్టాలి?) అంటాడు. "అన్నిటికీ 35 పెట్టు" అని మనవాళ్లు తలుపు తీయకుండానే చెప్పేస్తారు. ఆ 35 పాయింట్లు (పీఎస్‌ఐ, అంటే గాలి ఒత్తిడి కొలత) ఎక్కడి లెక్కో అటు అడిగినవాడికీ తెలియదు, ఇటు చెప్పినవాడికీ తెలియదు.

అసలు లెక్క డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద కనిపించే స్టిక్కర్‌లో ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపలివైపు ఉంటుంది. ముందుకూ వెనక్కూ విడివిడిగా, ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత, నిండు బరువుకు ఎంత అని రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ హద్దు. పెట్టాల్సిన గాలి అది కాదు.

ముందు, వెనుకల తేడాకు అంత పట్టింపు ఎందుకంటే, మలుపులో ఏ టైరైనా కాస్త పక్కకు సాగుతుంది. గాలి తగ్గితే దాని పక్కగోడ మెత్తబడి ఇంకా ఎక్కువ సాగుతుంది. ముందు జత ఎక్కువ సాగితే స్టీరింగ్ బరువెక్కి, తిప్పినంత తిరగక, బండి మలుపు బయటికి జారుతుంది: ఎడమ మలుపులో ఎదుటి లారీ వైపు, కుడి మలుపులో రోడ్డు అంచు వైపు. ఇది ప్రమాదమే అయినా డ్రైవరుకు ముందే తెలుస్తుంది, వేగం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వెనుక జత మెత్తగా ఉండటం అంతకంటే చెడ్డది. దిగుడులో బ్రేకు తొక్కగానే బరువు ముందుకు పోయి వెనుక తేలికవుతుంది, తోక పక్కకు విసురుతుంది. భయపడి ఇంకా గట్టిగా తొక్కితే మరీ తిరుగుతుంది. రోడ్డు తడిగా ఉంటే చెప్పనక్కర్లేదు.

శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్లే బండినే చూడండి. వెనుక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా, వంట సామాను అంటే 230 కిలోలు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీదే పడుతుంది. నిండు బరువుకు వెనుక గాలి పెంచమని స్టిక్కర్ చెప్పేది ఇందుకే. తిరిగొచ్చి సామాను దించాక మళ్లీ తగ్గించాలి. లేకపోతే ఖాళీ బండి వెనుక ఎగిరెగిరి పడుతుంది, టైరు నడుమ అరుగుతుంది. గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. టైర్లు ముందువి వెనక్కి మార్పించినప్పుడు గాలి కూడా సరిచేయించాలి. చాలా షాపుల్లో ఈ పని వదిలేస్తారు.

కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. నడిచిన టైరులో నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించడం సహజం. ఎండాకాలం "వేడెక్కింది, కాస్త వదిలేయ్" అనడం తప్పు. చల్లారాక అది అసలు లెక్క కంటే కిందికి పోతుంది.

కొండకు ఇంకో చిక్కు ఉంది. వేడిలో సుమారు ఆరున్నర డిగ్రీల తేడాకు ఒక పాయింటు మారుతుంది. కొండ కింద సాలూరులో 35 డిగ్రీల మధ్యాహ్నం, నీడలో ఆగి ఉన్న టైరులో 33 పెట్టి కోరాపుట్‌లో రాత్రి నిలిపితే, 8 డిగ్రీల తెల్లవారుజామున 30 చూపిస్తుంది. ఎత్తుకు బయటి గాలి ఒత్తిడి తగ్గి ఒకటింపావు పాయింటు కలిసొచ్చినా ఇంతే. టైరు కారిందనుకోనక్కర్లేదు. అక్కడే మళ్లీ సరిచేసుకుంటే చాలు. చలికాలం కోరాపుట్‌లో నింపి దిగేవాళ్లకు ఇదే లెక్క తలకిందులవుతుంది, కింద రెండు మూడు పాయింట్లు ఎక్కువే కనిపిస్తాయి.

కొన్ని షాపుల గేజీలో అంకెలు కిలోల్లో ఉంటాయి. 2.3 అంటే దాదాపు 33 పీఎస్‌ఐ. పదిసార్లు కిందపడిన గేజీని నమ్మడం కంటే సొంతది ఒకటి డాష్‌బోర్డులో ఉంచుకోవడం మేలు. కొట్టించాక వాల్వ్ మీద సబ్బునీటి చుక్క వేయండి. బుడగ వస్తే లోపలి పిన్ను బిగించాలి, కుదరకపోతే మార్చాలి. మూత కూడా మరచిపోకూడదు, మన ఘాట్ల దుమ్ముకు అదే అడ్డు. స్టెప్నీకి నిండు బరువు అంకె పెట్టి ఉంచితే ఎక్కడ బిగించినా కాస్త వదిలితే సరిపోతుంది.

గాలి మిషను దగ్గర "ముందు ఎంత? వెనుక ఎంత?" అని ఒడియాలోనూ తెలుగులోనూ ఒక బోర్డు పెట్టమని సరిహద్దు బంకుల యజమానులకు మీ పత్రిక ద్వారా మనవి. గేజీలను కూడా అప్పుడప్పుడు సరిచూపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా