పాత వంతెన తీసేశారు, కొత్తదానికి తాళం వేశారు

ప్రాజెక్టు మేనేజర్ గారికి,

విషయం: మా ఎంఎంటీఎస్ స్టేషన్‌లో కొత్త ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు తెరవకపోవడం గురించి.

అయ్యా,

2003లో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైనప్పటి నుంచి ఈ లైనులో తిరుగుతున్నవాళ్లం. మా స్టేషన్ ఆధునికీకరణ కాంట్రాక్టు మీ కంపెనీది. పాత బ్రిడ్జి తుప్పుపట్టింది, తీసేయాల్సిందే, దాని మీద మాకు పేచీ లేదు. కొత్తది వాడకంలోకి వచ్చాకే పాతది విప్పుతామని నోటీసు అంటించింది మీరే. పాతది విప్పేశారు. కొత్త మెట్లకు రేకులు అడ్డం పెట్టి, గొలుసు చుట్టి తాళం వేశారు.

అడిగితే మీ సైట్ ఇంజినీరు ఒకసారి లిఫ్టు రాలేదన్నారు, ఇంకోసారి రైల్వే వాళ్ల తనిఖీ కాలేదన్నారు. సెక్యూరిటీ అబ్బాయేమో ‘ప్రారంభోత్సవానికి పెద్దాయన డేట్ దొరకలేదంట’ అన్నాడు. ఇందులో ఏది నిజం? తనిఖీ కాకపోతే తెరవమని మేమూ అడగం. ఆ మాటే బోర్డు మీద రాసి తేదీ వేయండి. లిఫ్టు కోసమే అయితే, మెట్లెక్కగలిగినవాళ్లను ఎందుకు ఆపుతున్నారు? రిబ్బను కోసమైతే ఇక చెప్పేదేముంది.

ఈలోగా జనం పట్టాలు దాటుతున్నారు. రెండో ప్లాట్‌ఫారం చివర, మీ వాళ్లు పరీక్ష కోసం పోసిన కాంక్రీటు దిమ్మెలున్నాయి కదా, పెయింటుతో తేదీలు రాసినవి, వాటినే ఎవరో పేర్చి మెట్టులా చేశారు. పట్టాల దగ్గర్నుంచి ప్లాట్‌ఫారం దాదాపు నడుమెత్తు. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో క్యారియర్ బ్యాగు పట్టుకుని కాలు పెడితే పై దిమ్మె కదులుతుంది. ఎక్స్‌ప్రెస్ కూత వినపడితే పైనున్నవాళ్లు చెయ్యందించి లాగాల్సిందే. మీ సూపర్‌వైజర్లు అక్కడే నిలబడి చూస్తుంటారు. చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా వస్తే బండి వెళ్లిపోతుంది, తర్వాతి ఎంఎంటీఎస్ ఎప్పుడో ఎక్కేవాళ్లకు తెలుసు.

పైగా రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాలు దాటితే వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు. రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు అప్పుడప్పుడూ కాపుకాసి మరీ పట్టుకుంటున్నారు. దారి మూసింది మీరు, ఫైను కట్టేది మేము.

2017 సెప్టెంబరు 29న ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో ఇరుకు మెట్ల మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. అప్పటిదాకా సౌకర్యాల పద్దులో ఉన్న ఫుట్‌ఓవర్ బ్రిడ్జిని ఆ తర్వాతే రైల్వే తప్పనిసరి అంది. సైన్యం అక్కడ కొత్త వంతెన కట్టి 2018 ఫిబ్రవరికల్లా తెరిచింది. ప్రమాదం జరిగిన అయిదు నెలల్లో వంతెనే కట్టి తెరిస్తే, కట్టి ఉన్నదానికి తాళం తీయడానికి ఎన్నాళ్లు కావాలి?

తనిఖీ అయిపోయి ఉంటే మెట్లు వెంటనే తెరవండి. కాకపోతే తెరిచేదాకా ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో విజిల్‌తో ఒక మనిషిని పెట్టించే ఏర్పాటు రైల్వేతో మాట్లాడి చేయండి. ఆ దిమ్మెల దగ్గర లైటు కూడా లేదు. లిఫ్టు పని ఎంతవరకు వచ్చిందో విడిగా తెలపండి, మోకాళ్ల నొప్పులవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు దానికోసమే చూస్తున్నారు.

వారంలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేదంటే దిమ్మెల ఫొటోలు, మీరు అంటించిన నోటీసు నకలు జతచేసి డివిజనల్ రైల్వే మేనేజర్‌ కార్యాలయానికి ఫిర్యాదు చేస్తాం, రైల్వే ఫిర్యాదుల పోర్టల్ రైల్‌మదద్‌లోనూ పెడతాం.

ఇట్లు,
సీజన్ టికెట్ ప్రయాణికుల తరఫున
ఒక ప్రయాణికురాలు