డాలస్‌లో మంచు పడితే నెల్లూరు నుంచి ఏం అడగాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికా దక్షిణాది ఊళ్లలో మంచు తుఫాను వచ్చిందంటే మన పత్రికల్లో రెండే కనబడతాయి: తెల్లగా కప్పేసిన కార్ల ఫొటో, ఎన్ని అంగుళాలు కురిసిందన్న లెక్క. డాలస్‌లోనో అట్లాంటాలోనో పిల్లలున్న నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు తల్లిదండ్రులకు ఆ అంగుళాలతో ఒరిగేదేమీ లేదు. షికాగోలో అర అడుగు పడినా మర్నాటికి బండ్లు తిరుగుతాయి. అట్లాంటాలో 2014 జనవరి 28న పడింది రెండున్నర అంగుళాలే. అయినా వేలమంది ఆ రాత్రి కార్లలోనే గడిపారు, పిల్లలు బడుల్లోనే పడుకున్నారు. మధ్యాహ్నం బడులు, ఆఫీసులు అన్నీ ఒక్కసారే వదిలేయడం దానికి కారణం. ఊరంతా రోడ్డెక్కాక ఉప్పు చల్లే లారీలకు దారి లేకుండా పోయింది. చక్రాల కింద నలిగిన మంచు కాసేపు కరిగి, అద్దంలా మళ్లీ గడ్డకట్టింది.

కాబట్టి ఫోన్‌లో "స్వెటర్ వేసుకున్నావా" అని అడిగేముందు అక్కడ ఏవి దెబ్బతింటాయో, ఎందుకు దెబ్బతింటాయో తెలియాలి. మొదట దెబ్బతినేది కరెంటు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో జరిగింది కరెంటు పని చేసినవాళ్లెవరైనా చదవాల్సిన పాఠం. డాలస్ విమానాశ్రయంలో 16వ తేదీన మైనస్ 19 సెల్సియస్. అక్కడ సగానికి పైగా ఇళ్లు కరెంటుతోనే వెచ్చబడతాయి. వాటిలో చాలావాటికి ఉండే హీట్ పంపు తిరగేసిన ఏసీ లాంటిది, బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి తోస్తుంది. బయట సున్నా దాటి కిందికి దిగేకొద్దీ లాగడానికి వేడి చాలదు. అప్పుడు లోపలున్న హీటర్ కాయిల్స్ వాటంతటవే పడతాయి. ఒక్కో ఇంటికి 10 కిలోవాట్లు, ఒక్కోచోట అంతకు పైన. మన గీజరు 2 కిలోవాట్లనుకుంటే, ఇంటింటా ఐదు గీజర్లు రాత్రంతా ఆపకుండా వేసినట్టు. 14వ తేదీ సాయంత్రానికి డిమాండు 69 వేల మెగావాట్లు దాటింది.

అదే సమయంలో ఉత్పత్తి పడిపోయింది. కరెంటు ప్లాంట్లకు గ్యాస్ ఇచ్చే బావుల మూతుల దగ్గర తేమ గడ్డకట్టింది. గాలిమరల రెక్కలకు ఐసు పట్టింది. ప్లాంట్లలో ప్రెషర్ కొలిచే వేలెడు లావు గొట్టాల్లో నీరు బిగుసుకుని, తప్పుడు రీడింగులతో యూనిట్లు ట్రిప్ అయ్యాయి, అంటే వాటంతటవే ఆగిపోయాయి. ఒక అణు విద్యుత్ యూనిట్ కూడా ఆవిరి కోసం నీళ్లు పంపే ఫీడ్ వాటర్ లైను దగ్గరి అలాంటి సన్నగొట్టం వల్లే ఆగింది. వాడకానికి ఉత్పత్తి చాలకపోతే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, తగ్గుతుంది. 15వ తేదీ తెల్లవారకముందే అది 60 హెర్ట్జ్ నుంచి 59.3కు జారింది. 59.4కు కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. అది 9 నిమిషాలకు చేరితే మిగిలిన ప్లాంట్లు కూడా లైన్ల నుంచి విడిపోవడం మొదలయ్యేది. దాన్ని ఆపడానికి 20 వేల మెగావాట్ల దాకా లోడు తెంచారు, అంటే అంత వాడకానికి సరఫరా ఆపేశారు. మన కృష్ణపట్నం థర్మల్ కేంద్రం మొత్తం కలిపితే 2,400 మెగావాట్లు. అలాంటి కేంద్రాలు ఎనిమిది ఇచ్చేంత కరెంటు అది.

గంట కోత, గంట సరఫరా అన్నారు గానీ కుదరలేదు. ఆసుపత్రులు, నీటి పంపులున్న ఫీడర్లను (ఒక్కో ప్రాంతానికి కరెంటు ఇచ్చే లైన్లను) పక్కన పెట్టాక మార్చి మార్చి కోయడానికి ఫీడర్లే మిగల్లేదు. కోసినవి కోసినట్టే రోజుల తరబడి ఉండిపోయాయి. ఇంకో విడ్డూరం, గ్యాసును తోసే కంప్రెసర్లున్న ఫీడర్లు కూడా కొన్ని కోతలో పోయాయి. కరెంటు తీస్తే గ్యాసు ఆగింది, గ్యాసు ఆగితే కరెంటు ఇంకా తగ్గింది. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే టెక్సాస్ గ్రిడ్, అంటే కరెంటు లైన్ల వల, చాలావరకు ఒంటరిది. మన దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశ గ్రిడ్‌లో కలిసింది. ఆ లైను విలువ ఇలాంటప్పుడే అర్థమవుతుంది.

ఆ తుఫాను మరణాలు 246 అని రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క. ఎక్కువమంది చలికి ఒళ్లు చల్లబడిపోయినవాళ్లు.

ఇక ఇల్లు. అక్కడ ముప్పు గొట్టాల్లో నీరు గడ్డకట్టడం. గడ్డకట్టిన నీరు ఏం చేస్తుందో నెల్లూరులో కళ్లారా చూసేది ఐసు ఫ్యాక్టరీ పనివాళ్లే. ఐసు డబ్బాను అంచు దాకా నింపరు, గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం ఉబ్బుతుందని వాళ్లకు తెలుసు. గొట్టంలో ఆ ఉబ్బుకు చోటుండదు. అయితే పగిలేది చాలాసార్లు గడ్డ ఉన్నచోట కాదు. గడ్డ పెరిగేకొద్దీ దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి పెరిగి, అక్కడ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. కుళాయి కొద్దిగా తెరిచి చుక్కలు పడనివ్వమనేది అందుకే, ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. చల్లనీటి వైపు, వేడినీటి వైపు రెండూ తెరవాలి. ధారగా వదలకూడదు. ఊరంతా ధారలు వదిలితే, దానికి పగిలిన గొట్టాలు తోడైతే, మెయిన్ లైనులో ప్రెషర్ పడిపోతుంది. 2021లో టెక్సాస్‌లో కోటిమందికి పైగా నీళ్లు కాచుకు తాగమన్న నోటీసు వచ్చింది ఆ ప్రెషర్ పోయినందుకే. అక్కడి నోటీసుల్లో కాచడమంటే బాగా తెర్లడం మొదలైనప్పటి నుంచి రెండు నిమిషాలు.

అమెరికా ఉత్తరాది ఇళ్లలో గొట్టాలు నేలమాళిగలోనో లోపలి గోడల్లోనో ఉంటాయి. టెక్సాస్ ఇళ్లలో చాలావాటికి కప్పు కింది అటకలోంచి, బయటి గోడల్లోంచి పోతాయి. ఎండకు కట్టిన ఇళ్లు అవి. బయట మైనస్ 7కు దిగితే అలాంటి గొట్టాలకు గండం మొదలైనట్టే. ముందురోజే తోటకుళాయికి తగిలించిన రబ్బరు పైపు ఊడదీసి, కుళాయికి తొడుగు వేయాలి. బయటి గోడనానుకున్న సింకు కింది అల్మరా తలుపులు తెరిచిపెట్టాలి, గది వేడి లోపలికి పోవాలి. ఊరెళ్లినా ఇంటి వేడిని నియంత్రించే థర్మోస్టాట్ 55 ఫారెన్‌హీట్, అంటే 13 సెల్సియస్, కిందికి దించకూడదు. టాంక్ లేని వాటర్ హీటరుకు గడ్డకట్టకుండా కాపాడే చిన్న హీటరు ఉంటుంది గానీ అది నడిచేదీ కరెంటుతోనే. కోత పడితే అందులో నీళ్లు దించేయాలి.

అన్నిటికన్నా ముఖ్యం మెయిన్ వాల్వు. చాలా ఇళ్లకు అది వీధి పక్కన మీటరు గుంటలో ఉంటుంది, తిప్పడానికి పొడవాటి తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి హార్డ్‌వేర్ కొట్లో చవకగా దొరుకుతుంది, తుఫాను రోజు మాత్రం దొరకదు. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదంటే ఎక్కడో గడ్డ కట్టిందని అర్థం. వెంటనే మెయిన్ కట్టేయాలి, కుళాయి మాత్రం తెరిచే ఉంచాలి. గొట్టం అప్పటికే చీలి ఉండొచ్చు, ఐసే బిరడాలా అడ్డుండి తెలియనివ్వదు. ఇల్లు మునిగేది మంచు కరిగి ఎండ కాసిన రోజున. కరిగించాలంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవాలి. మంట చూపించకూడదు. అపార్ట్‌మెంటులో అటకలోని ఫైర్ స్ప్రింక్లర్ (మంటలార్పే నీళ్ల) గొట్టం పగిలితే కట్టేసే వాల్వు మన చేతిలో ఉండదు. ఆఫీసు వాళ్ల అత్యవసర నంబరు ముందే రాసిపెట్టుకోవాలి.

తుఫానుకు ముందే స్నానాల తొట్టి నింపుకోమనండి. టాయిలెట్‌కు ఒక్కోసారికి ఆరేడు లీటర్లు పోతుంది. మంచు కరిగించుకోవచ్చులే అనుకుంటే, పది బక్కెట్ల మంచుకు దొరికేది సుమారు బక్కెట్ నీళ్లు.

తర్వాతి ప్రమాదం పొగ కూడా కనబడనిది. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ఏమవుతుందో మన పల్లెల్లో పెద్దవాళ్లకు తెలుసు. అక్కడ అదే పని బార్బెక్యూ గ్రిల్లుతో, గరాజులో స్టార్ట్ చేసి ఉంచిన కారుతో చేస్తారు. గరాజు తలుపు తెరిచినా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే జలుబనుకోకుండా బయటికి పరుగెత్తాలి. రొయ్యల గుంటల గట్ల మీద జనరేటర్ నడిపి అలవాటున్న మనవాళ్లు దాన్ని వరండాలో పెట్టడానికి జంకరు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు ఎడంగా ఉండాలి. జనరేటర్ కరెంటును గోడ సాకెట్టులోకి ఎదురు ఎక్కించడం మాత్రం ఎక్కడా చేయకూడదు. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది.

కరెంటు లేనప్పుడు అందరూ ఒకే గదిలో చేరి, తలుపు కింది సందులో తువ్వాళ్లు కుక్కాలి. అక్కడ చాలా ఇళ్లలో పొయ్యి కూడా కరెంటుదే. కాబట్టి అటుకులు, బొరుగులు, పొడులు, ఆవకాయ ఆ రోజులకు సరుకే. చూడ్డానికి వెళ్లిన తల్లిదండ్రుల్లో ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని కిటికీ గట్టు మీద పెట్టకూడదు. ఒకసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయడమే. వణుకుతున్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి వణకడం మానేసి, మాట తడబడితే నయమైనట్టు కాదు, ముదిరినట్టు. చేతులూ కాళ్లూ రుద్దడం కాకుండా ఛాతీకి, మెడకు వెచ్చదనం పట్టించి, అంబులెన్సు పిలవాలి.

కారు విషయం రెండు మాటల్లో చెప్తాను. ఫ్లైఓవర్లు, వంతెనలు మామూలు రోడ్డు కన్నా ముందు గడ్డకడతాయి, వాటికి కింద నుంచి కూడా చలిగాలే తగులుతుంది. ఉప్పు చల్లారు కదా అని ధీమా వద్దు, మైనస్ 9 దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు. ఇరుక్కుపోతే ఇంజను వేసేముందు దిగి, వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసేయాలి.

చివరగా మీ డెస్కు వారికి ఒక మనవి. అక్కడి ఏజెన్సీ వార్తల్లో ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో వస్తాయి. వాటిని అలాగే వేస్తే, "ఉష్ణోగ్రత 20కి పడిపోయింది" అని ఇక్కడ చదివినవాళ్లు సంక్రాంతి ముందు తెల్లవారుజాము చలి అనుకుంటారు. అక్కడి 20 అంటే మన లెక్కలో మైనస్ 7, గొట్టాలు పగలడం మొదలయ్యే చలి. దయచేసి సెల్సియస్ అంకె కూడా పక్కన వేయించండి.

ఇట్లు,
విద్యుత్ శాఖ విశ్రాంత ఇంజనీరు,
దర్గామిట్ట, నెల్లూరు