సైకిల్ ప్రపంచ విజేతల వరస 1921 నుంచి వేయండి

సంపాదకుడు గారికి,

ప్రపంచ రోడ్ సైక్లింగ్ పోటీల గురించి తెలుగు పత్రికల్లో వచ్చేదే తక్కువ. వచ్చినప్పుడు కూడా పాత విజేతల వరస 1927లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్‌లో గెలిచిన ఇటలీ ప్రొఫెషనల్ ఆటగాడు ఆల్ఫ్రెడో బిండాతో మొదలవుతుంది. అప్పటికే ఆ పోటీలకు ఆరేళ్ల చరిత్ర ఉంది.

అమెచ్యూర్లకు, అంటే సైకిల్ తొక్కడం జీతం రాళ్ల కోసం కానివాళ్లకు, తొలి ప్రపంచ రోడ్ టైటిల్ పోటీ 1921లో కోపెన్‌హేగెన్‌లో జరిగింది. దూరం 190 కిలోమీటర్లు. గెలిచింది స్వీడన్‌కు చెందిన గున్నార్ షోల్డ్. అందరినీ ఒక్కసారి వదలలేదు. ఒకరి తరవాత ఒకరిని పంపి, గడియారం చూసి ఫలితం తేల్చారు. ముందు ఏడాది ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ దారిలో రైల్వే గేటు పడింది. ఆగిన నాలుగు నిమిషాలూ తీసేసి లెక్కకట్టాకే స్వీడన్‌ హ్యారీ స్టెన్‌క్విస్ట్‌కు స్వర్ణం దక్కింది. గేటు పడి పరీక్ష హాలుకు ఆలస్యంగా చేరిన మనవాళ్లకు ఆ నాలుగు నిమిషాల విలువ వేరే చెప్పక్కర్లేదు.

1922లో వంతు బ్రిటన్‌ది. జనం తిరిగే రోడ్ల మీద గుంపు రేసులు పెడితే పోలీసులతో పేచీ వస్తుందని అక్కడి సైక్లిస్టుల యూనియన్ పందొమ్మిదో శతాబ్దంలోనే వాటిని వద్దనేసింది. అందుకని ష్రాప్‌షైర్ పల్లె రోడ్ల మీద మళ్లీ ఒక్కొక్కరినే వదిలారు. ఆ పద్ధతిలో ఆరితేరిన బ్రిటిష్ వాళ్లే మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయారు. టైటిల్ డేవ్ మార్ష్‌ది. అందరూ కలిసి బయలుదేరిన రేసు 1923లో జ్యూరిక్‌లో గానీ జరగలేదు. అందులో గెలిచిన లిబెరో ఫెరారియో ఇటలీవాడే. అంటే ఇటలీకి తొలి రోడ్ ప్రపంచ టైటిల్ తెచ్చిన ఘనత కూడా బిండాకు చెందదు.

అమెచ్యూర్లది చిన్నస్థాయి పోటీ కదా అని కొందరంటారు. బిండా గొప్పవాడే, అందులో తగువు లేదు. కానీ 1924లో పారిస్‌లో అమెచ్యూర్ టైటిల్ గెలిచిన ఆంద్రే లెదుక్ తరవాత 1930లో, 1932లో ప్రొఫెషనల్స్ అతిపెద్ద రేసు టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. న్యూర్‌బుర్గ్‌రింగ్ సంగతే చూడండి. ఆరోజు ప్రొఫెషనల్స్, అమెచ్యూర్లు ఒకే రేసులో తొక్కారు. మొదటి నలుగురూ ఇటలీ ప్రొఫెషనల్స్. వాళ్ల వెనకే ఐదోవాడిగా వచ్చిన బెల్జియం కుర్రాడు జాన్ ఎర్ట్స్‌కు అమెచ్యూర్ టైటిల్ ఇచ్చారు. 1935లో అతనే ప్రొఫెషనల్ టైటిల్ కూడా గెలిచాడు. అదే రోజు, అదే రోడ్డు మీద ఇద్దరు ప్రపంచ విజేతలు తేలితే మనం ఒకరి పేరే రాస్తున్నాం.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ క్రీడాపేజీ కత్తిరించి దాచుకుంటారు. బిండా పేరు వేసినప్పుడు 'ప్రొఫెషనల్స్‌లో మొదటివాడు' అని వేయండి. అమెచ్యూర్ల వరస 1921లో షోల్డ్‌తో మొదలై 1995లో నెదర్లాండ్స్‌కు చెందిన డానీ నెలిసన్‌తో ముగుస్తుంది. ఆ మరుసటి ఏడాది నుంచి దాని స్థానంలో 23 ఏళ్ల లోపువాళ్ల పోటీ వచ్చింది. చోటుంటే మూడో వరసగా మహిళలదీ వేయండి. అది 1958లో రీమ్స్‌లో, లక్సెంబర్గ్‌కు చెందిన ఎల్సీ జాకబ్స్‌తో మొదలవుతుంది.

— ఒక పాఠకుడు, కాకినాడ